చిట్టి లేని చుక్కలు

“ఇంకెన్ని శుక్రవారాలు తిప్పుతవయ్యా? చేతిగడియారం బాగుచేయమని ఇస్తే, దాని ముల్లు పని నాకు పెట్టినవ్. తిరుగుడే తిరుగుడు!”

పందొమ్మిది వందల డెబ్బై ఆరు, జూలై నెల. హైదరాబాద్ పత్తర్‌గట్టి కమానుల కింద జనం వానకు ముడుచుకొని నిలబడ్డారు. వాళ్లను తోసుకుంటూ వచ్చి, నీళ్లు కారుతున్న గొడుగును తెచ్చి అద్దాలపెట్టె మీదే పెట్టింది లీలమ్మ.

పెట్టె వెనక కూర్చున్న రామ్‌చందర్ తల ఎత్తలేదు. కుడికంటికి బిగించిన భూతద్దంలోంచి ఒక చిన్న చక్రాన్ని చూస్తూనే అన్నాడు.

“జర గొడుగు తియ్యి తల్లీ. నీ గడియారం నీళ్లు తాగే గదా గిట్లయింది. మళ్ల తాగిస్తవా?”

“తల్లా! నీయంత కొడుకుంటే నా నెత్తి ఎప్పుడో నెరిసిపోయేది.”

అప్పుడెత్తాడు తల. భూతద్దం తీశాడు. వానకు తడిసి, కోపానికి ఎర్రబడ్డ ఆ మొహాన్ని చూశాడు. చెప్పాలనుకున్న మాట మర్చిపోయాడు, చేతిలోని చక్రం జారిపోయింది. కమాను కింద ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చొని దాన్ని వెతుకుతుంటే పక్క దుకాణాల వాళ్లు చూసి చాలా రోజులు చెప్పుకొని నవ్వుకున్నారు. చక్రం చివరికి లీలమ్మకే దొరికింది.

లీలమ్మ ఎక్కడినుంచో వచ్చిన మనిషి కాదు. రోడ్డుకు అటువైపే, వైకుంఠం సేఠ్ మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఫార్మసీ డిప్లొమా చదివింది. తండ్రి ఇస్సాకు ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. సైదాబాద్‌లో వాళ్ల ఇల్లు. తల్లి లేదు. ఇంటి పెత్తనం, నోటి పదును రెండూ చిన్నప్పుడే వచ్చాయి ఆ పిల్లకు.

గడియారం ఆ వారమే బాగైంది. రామ్‌చందర్‌కు మాత్రం తలనొప్పి మొదలైంది. రోజూ పదకొండింటికి రోడ్డు దాటి వచ్చి ఒకటే గోలీ అడిగేవాడు.

“నెలకు ముప్పై తలనొప్పులేంది నీకు?” అంది ఒకనాడు లీలమ్మ.

“పొద్దుందాక నీ మొకం ఎదురుంగ పెట్టుకొని కూసుంటే రాదా మరి?”

“అయితే అటు దిక్కు తిరిగి కూసో.”

“చూసిన. మెడనొప్పి సురువైంది. దానికేమన్న మందుందా?”

లీలమ్మ నవ్వు ఆపుకోవడానికి వెనక్కి తిరిగి, సర్దిన సీసాలనే మళ్లీ సర్దింది. అబద్ధమెందుకు, పదకొండు కొట్టేసరికి ఆమె కళ్లూ రోడ్డు మీదే ఉండేవి.

వైకుంఠం సేఠ్ దుకాణానికి తాతలనాటి ఒక అలవాటు ఉంది. చదువురాని వాళ్లు వస్తారు, డాక్టరు రాసిన చిట్టి పోగొట్టుకుంటారు. అందుకని పాత సీసా తెచ్చి చూపిస్తే చాలు, అదే మందు కొత్త సీసా చేతిలో పెడతారు. “సీసానే చిట్టి” అనేవాడు సేఠ్. లీలమ్మకు మొదట్లో భయమేసేది. రెండేళ్లలో అదీ అలవాటైంది.

శ్రావణమాసం లగ్గాలు దగ్గరపడ్డాయి. పెండ్లికొడుకులకు పెట్టే గడియారాలతో రామ్‌చందర్ పెట్టె నిండిపోయింది. అప్పుడే అతని కుడికన్ను ఎర్రబడింది. నీళ్లు కారుతున్న కన్నును చేతిరుమాలుతో ఒత్తుకుంటూ వచ్చి, ఒక ఖాళీ సీసా ముందు పెట్టాడు.

“మా అమ్మది. ముందటి నెల కంట్ల పొరకు, మోతిబిందు ఆపరేషన్ అయింది గదా, అప్పుడు రాసిన్రు. గిదే ఇయ్యి.”

“ఇది ఆమె కంటికి రాసింది. నీకు చిట్టి ఏది?”

“చిట్టి లేదు, సీసా ఉంది. నీ సేఠ్ రివాజే గదా.”

“దవాఖానకు పోరాదు? పొద్దుగాల పోతే మధ్యాహ్నానికి వస్తవ్.”

“ఇరవై గడియారాలున్నయ్ లీలా. కుడికన్నుతోటే చేస్త నేను, ఎడమది అద్దానికి అలవాటు లేదు. మాట తప్పితే మల్ల నా దగ్గరికి ఎవరొస్తరు? నీ కాళ్లు మొక్కుత.”

ఎర్రబడ్డ కంటికి కారణం తెలియకుండా ఆ మందు ఇవ్వకూడదని కాలేజీలో చెప్పారు. ఒక్కసారి కాదు, పదిసార్లు చెప్పారు. లీలమ్మ అది మర్చిపోలేదు. గుర్తుండీ ఇచ్చింది. అతను ‘లీలా’ అని పిలవడం అదే మొదటిసారి.

రెండు రోజుల్లో కన్ను తెల్లబడింది. రామ్‌చందర్ ఉస్మానియా బిస్కట్ల పొట్లంతో వచ్చి, కౌంటరు మీదికి వంగి, “చూడు, పాలలెక్క లేదూ?” అన్నాడు. చూడాల్సినదానికంటే ఎక్కువసేపే చూసింది లీలమ్మ.

“మా అమ్మతోటి మాట్లాడుత,” అన్నాడు మెల్లగా.

“మా బాపు చర్చికి పోతడు. మీ అమ్మ ఎల్లమ్మకు బోనమెత్తుతది. ఏమని మాట్లాడుతవ్?”

“మొదలు పెడితే మాటలు అవే వస్తయ్.”

వారం తర్వాత కన్ను మళ్లీ కొద్దిగా గుచ్చుతోందంటే రెండో సీసా కూడా ఇచ్చింది.

ఆ తర్వాత మూడు రోజులకు అద్దాలపెట్టె మీద గుడ్డ కప్పి కనిపించింది. మరునాడూ అంతే. తల్లితో మాట్లాడి ఉంటాడు, ఆమె వద్దని ఉంటుంది, మొహం చూపించలేక తప్పించుకుంటున్నాడు అనుకుంది లీలమ్మ. రెండు రోజులు లోపల్లోపల తిట్టుకుంది. “మొగోళ్లంత గింతే” అని సేఠ్ మీద కూడా విసుక్కుంది. పాపం, ఆ ముసలాయనకు ఏమీ అర్థం కాలేదు.

మూడోనాడు ఉండబట్టక శాలిబండలో రామ్‌చందర్ ఇల్లెక్కడో అడుగుతూ వెళ్లింది. తలుపు తీసిన అతని తల్లి నాగమణమ్మ నల్లద్దాల వెనకనుంచి పరీక్షగా చూసింది.

“ఎవరు బిడ్డా నువ్వు?”

“పత్తర్‌గట్టిల మందుల దుకాణంల పనిచేస్త అమ్మా. రామ్‌చందర్…”

“లోపలున్నడు. ఎలుతురు చూస్తే ఓర్వలేకపోతున్నడు నా కొడుకు.”

కిటికీకి దుప్పటి కట్టిన గదిలో, తడిగుడ్డ కంటికి అదుముకొని గోడవైపు తిరిగి ఉన్నాడు. లీలమ్మ గొంతు విని ఇటు తిరిగాడు. “మంచులకెల్లి చూసినట్టున్నది లీలా. నీ మొకం సక్కగ కనబడుత లేదు,” అన్నాడు. ఆ మాటతో ఆమె రెండు రోజుల కోపం భయమైపోయింది.

మరునాడు పొద్దున్నే ముగ్గురూ సర్కారు కండ్ల దవాఖానలో ఉన్నారు. డాక్టర్ సోమశేఖర్ కంట్లో పసుపుపచ్చ రంగు వేసి, నీలం దీపం కింద చాలాసేపు చూశాడు.

“నల్లగుడ్డు మీద పుండు పడ్డది. కొమ్మలు కొమ్మలుగా ఉంది. ఇది వైరస్ పని. పెదవి మీద జ్వరప్పొక్కులు వస్తయ్ చూడు, అదే జాతి.”

“పోతదా సార్?”

“మందుంది. ఐ.డి.యు. చుక్కలంటరు. అది ఎట్ల పనిచేస్తదో చెప్తా, విను. తెలిస్తేనే సరిగ్గా వేసుకుంటవ్. ఈ వైరస్‌కు సొంతంగా బతుకుడు రాదు. మన కణంలోకి దూరి, మన సామానుతోనే తనలాంటివి వేలకు వేలు చేయించుకుంటది. నువ్వు గడియారాలు చేస్తవంటివి గదా. చక్రం చూస్తే సరిగ్గానే ఉంది, పళ్లు మాత్రం తేడా. తెల్వక బిగించినవనుకో?”

“బిగుస్తది సార్. గని గడియారం నడవదు.”

“అంతే. ఈ మందు వైరస్‌కు అట్లాంటి తప్పుడు చక్రం. తన సామానే అనుకొని తీసుకొని బిగించుకుంటది. ఇక దాని సంతతి సాగదు.”

“అమ్మవారు పోస్తే గూడ ఇవే ఎయ్యొచ్చా సారూ?” అని నాగమణమ్మ అడిగింది.

“వద్దమ్మా. జలుబుకు, పొంగుకు దేనికీ పనికిరాదు. కడుపులకు పోతే మనిషికే ముప్పు. కంటి మీద ఈ రోగానికే.” డాక్టరు రామ్‌చందర్ వైపు తిరిగాడు. “పగలంతా గంటకొక చుక్క, రాత్రి రెండు గంటలకొకటి. సీసా చల్లగుండాలె. మండుతది, నీళ్లు కారుతయ్, రెప్పలు ఉబ్బుతయ్, వెలుతురు పడదు. మందు మన మంచి కణాలల్ల కూడా దూరుతది గదా, అందుకు. మూడు వారాలు దాటి వేస్తే మందే కన్నును తింటది. ఇరవై ఒక్క రోజులు, అంతే మనకున్న గడువు.”

కాగితం మీద రాస్తూ రాస్తూ ఆగాడు.

“ఇంతకుముందు వేరే చుక్కలేమన్న వేసుకున్నవా?”

లీలమ్మ రామ్‌చందర్ వైపు చూసింది.

“లేదు సార్,” అన్నాడు రామ్‌చందర్ వెంటనే. “చన్నీళ్లతోటి కడుక్కున్న, గంతే.”

ఆమె నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. తన నౌకరి కోసం అతను అబద్ధమాడాడని తెలుసు. ఆ అబద్ధం వెనక తను ఎంత హాయిగా దాక్కుందో కూడా తెలుసు. బయటికొచ్చాక మాత్రం, “ఆ పాత సీసా పారెయ్యి” అని చెవిలో చెప్పింది. “పారేపిస్త,” అన్నాడు అతను.

రామ్‌చందర్‌ది ఫ్రిజ్జు లేని ఇల్లు. తడి ఇసుకలో పెట్టిన నీళ్లకుండ మూతి మీద గిన్నె పెట్టి, అందులో కొత్త సీసా ఉంచారు. పగలు దుకాణానికి వెళ్లేముందు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి లీలమ్మ వచ్చి చూసిపోయేది.

ఆరో రోజు దవాఖానలో మళ్లీ రంగు వేసి చూసిన డాక్టరు మొహం ముడుచుకుంది.

“తగ్గాలె. తగ్గకపోగా పెరిగింది. మందెందుకో పనిచేస్తలేదు.”

ఆ సాయంత్రం లీలమ్మ రామ్‌చందర్ ఇంట్లోనే కూర్చుండిపోయింది. ఆరు కాగానే నాగమణమ్మ కొడుకు కంట్లో చుక్క వేసింది. మంటకు అతను పళ్లు కొరుక్కున్నాడు. ఆమె వెంటనే గోడ గూట్లోంచి ఇంకో సీసా తీసి, అందులోది కూడా ఒక చుక్క వేసింది.

“అమ్మా! అదేంది?”

“మంట పెడుతున్నది గదా బిడ్డా. ఇది ఏస్తే సల్లగుంటది పోరనికి. పారెయ్యమన్నడు గని, మంచి మందు ఎట్ల పారేస్త? మొదలు దీంతోటే తగ్గె. నువ్విచ్చిందే గదా.”

లీలమ్మ ఆ సీసాను గుర్తుపట్టింది. కళ్లు మూసుకొని పడుకున్న వాడికి ఏ సీసాలోది పడుతోందో ఎట్లా తెలుస్తుంది? చల్లటిది పడ్డప్పుడు అమ్మ నీళ్లతో కడుగుతోందనుకున్నాడు. ఆరు రోజులు. ఇరవై ఒక్క రోజుల్లో ఆరు రోజులు, తను నోరు మూసుకున్నందుకు పోయాయి.

సీసా లాక్కొని కొంగున ముడేసుకుంది. పొద్దున తెల్లారగానే ఇద్దరినీ తీసుకొని వెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టింది.

“ఇది ఏసిన్రు సార్. మొదటినుంచీ. నేనే ఇచ్చిన. చిట్టి లేకుండ ఇచ్చిన.”

“సార్, నేనే బలవంతం చేసి…” అంటూ లేచాడు రామ్‌చందర్.

“నువ్వు ఊకో,” అంది లీలమ్మ. డాక్టరు వైపు తిరిగింది. “మొన్న మీరడిగినప్పుడు గూడ చెప్పలేదు సార్. తప్పు నాది.”

డాక్టరు సీసా తిప్పి చూశాడు. “స్టెరాయిడ్! చదువుకున్నవ్ గదమ్మా?”

“చదువుకున్న సార్.”

“ఇది తెలుసా నీకు?”

“తెలుసు సార్.”

“మోతిబిందు ఆపరేషన్ తర్వాత ఇది మంచి మందే. కని ఈ రోగంల విషం. కన్ను ఎర్రబడుడంటే మన ఒళ్లు వైరస్‌తోటి కొట్లాడుడు. ఇది ఆ కొట్లాటను ఆపుతది. కన్ను తెల్లగైతది, మనిషి ఖుషీ అయితడు, లోపల వైరస్‌కు అడ్డే లేదు.” బల్ల మీద గట్టిగా కొట్టాడు. “ఇది బంద్. ఇక పదిహేను రోజులున్నయ్. అండ్ల మానితే మానినట్టు. లేకుంటే ఆ కంటి మీద ఆశ పెట్టుకోవద్దు.”

నాగమణమ్మ అంతదాకా లీలమ్మ భుజం పట్టుకొని నిలబడి ఉంది. మెల్లగా చెయ్యి తీసేసింది.

“నా కొడుకు కన్ను తీసినవా బిడ్డా?” అంది.

లీలమ్మ అక్కడినుంచి నేరుగా దుకాణానికి వెళ్లి సేఠ్‌కూ చెప్పింది. వైకుంఠం సేఠ్ నెత్తి పట్టుకున్నాడు. “దవాఖానల చెప్పినవా? మూడు తరాల దుకాణం! రేపటికెల్లి రాకమ్మా,” అన్నాడు. ఆమె తాళంచేతులు బల్ల మీద పెట్టేసి వచ్చింది.

రాత్రి అన్నం ముందు ఏడుస్తూ అంతా చెబితే, తండ్రి ఇస్సాకు కంచం పక్కకు జరిపాడు.

“నీ చేతితోటి జరిగింది బిడ్డా. నీ చేతితోటే సరి చేసుకో. పొద్దుగాల పో. ఎవరన్న ఏమన్న అంటే నా పేరు చెప్పు.”

నాగమణమ్మ తలుపు తీసింది కాని లోపలికి రమ్మనలేదు. లీలమ్మే వచ్చి కుండ మీది సీసా తీసింది. ముసలామెకు చూపు ఆనదు. చుక్క ఒక్కోసారి కంట్లో పడేది, ఒక్కోసారి చెంప మీద పడేది. కొడుకు కన్ను ముఖ్యం కనుక ఆమె పక్కకు జరిగింది. రోజూ పొద్దున ఏడింటికి వచ్చి దీపాలు పెట్టేదాకా, గంటకొకసారి లెక్క తప్పకుండా వేసింది లీలమ్మ. రాత్రి చుక్కలకు గడియారంలో అలారం పెట్టి, రామ్‌చందర్‌కే సీసా పట్టుకోవడం నేర్పింది. నాలుగు రోజులు నాగమణమ్మ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఐదోనాడు చాయ్ కప్పు తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయింది.

రెప్పలు ఉబ్బి, నీళ్లు ధారగా కారేవి. “మంట ఎక్కువుందా?” అని అడిగితే, “నీ నోటికంటె తక్కువే,” అనేవాడు రామ్‌చందర్. నవ్వు రాక, ఏడుపు ఆగక లీలమ్మ పత్తితో అతని చెంప తుడిచేది.

ఒక మధ్యాహ్నం అడిగేసింది. “మొదటిరోజు సార్‌కు ఎందుకు అబద్ధం చెప్పినవ్?”

“చెప్తే నీ నౌకరి పోతుండె.”

“నా నౌకరికి నీ కన్ను ఇస్తవా? ఎవరియ్యమన్నరు నిన్ను?”

“అప్పుడు గట్లనే అనిపించింది.”

“నువ్వు ఆడినవ్, నేను దాసుకున్న. ఇద్దరం మంచోళ్లమే అనుకున్నం. ఆరు రోజులు పోయినయ్.” ఆమె సీసా మూత తీసింది. “ఇంకోసారి నా కోసం అబద్ధమాడితే నిన్ను చేసుకోను. ముందే చెప్తున్న.”

ఏమన్నదో అన్నాక తెలిసి లీలమ్మ నాలుక కరుచుకుంది.

“అంటే, ఆడకపోతే చేసుకుంటవా?” అన్నాడు రామ్‌చందర్, ఆ వాచిన కన్ను మూసుకొనే.

“తల కదపకు. చుక్క బయట పడుతది.”

వంటింట్లో గిన్నెల చప్పుడు కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.

ఇరవై ఒకటో రోజు వచ్చింది. మానినా మానకపోయినా మందు ఆపాల్సిన రోజు. ముగ్గురూ బస్సెక్కి దవాఖానకు వెళ్లారు. డాక్టరు రంగు వేశాడు, నీలం దీపం పెట్టాడు, చూశాడు. మళ్లీ చూశాడు. లీలమ్మ రెండు చేతులూ గట్టిగా పట్టుకొని నిలబడింది. దేవుడిని ఏమని అడగాలో కూడా తోచలేదు ఆమెకు.

“రంగు అంటుకోలేదు,” అన్నాడు డాక్టరు. “పుండు మానింది.”

నాగమణమ్మ అక్కడే కింద కూర్చుండిపోయింది.

“పూర్తిగా సంతోషపడకుండ్రి. మచ్చ మిగిలింది. ఎడమకన్ను మూసుకొని ఆ గోడ మీది అక్షరాలు చదువయ్యా.”

రామ్‌చందర్ పైనుంచి నాలుగు వరసలు చదివాడు. ఐదోది అలుక్కుపోయిందన్నాడు.

“చిన్న చక్రాలు ఆ కంటికి ఇక సక్కగ ఆనవు. ఎడమకన్నుకు అద్దం అలవాటు చేసుకో. టైం పడుతది, కని అయితది.” డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. “ఇంకో మాట. ఇదే అసలుది. ఈ మందు పుండును మాన్పుతది గని వైరస్‌ను పూర్తిగా చంపదు. అది నరంలోకి పోయి పండుకుంటది. జ్వరమొచ్చినా, ఎండ తగిలినా, మనసు పాడైనా మళ్ల లేవొచ్చు. ఏడాదికి లేవొచ్చు, పదేండ్లకు లేవొచ్చు, అసలు లేవకపోవచ్చు. కన్ను జర ఎర్రబడ్డదంటే ఎవరి సీసా ముట్టుకోకుండ ఆ రోజే తీసుకరావాలె. ఇంట్ల కనిపెట్టి చూసెటోళ్లు ఎవరున్నరు?”

లీలమ్మ తల వంచుకుంది. ఆ ఇంట్లో రేపటినుంచి తనకు పనిలేదు.

నాగమణమ్మ గోడ పట్టుకొని లేచింది.

“నాకు చూపు లేదు సారూ. మంచిదని విషం పోసినదాన్ని. ఈ పిల్ల ఇచ్చింది, నేను ఏసిన. ఇదేమో చెప్పి ఏడ్చింది. నేను ఎవరికీ చెప్పకుండ ఏడ్చిన. ఇద్దరం కలిసే వాని కన్ను పాడుచేసినం. వాన్ని చూసుకునుడు గూడ ఇద్దరం కలిసే చూసుకోవాలె.”

“బాగుంది. కని కార్డు మీద పేరు రాయాలమ్మా. ఈమె పేషంటుకు ఏమైతది?”

రామ్‌చందర్ నోరు తెరిచేలోపే జవాబు వచ్చింది.

“రాసుకో సారూ. లీలమ్మ. నా కోడలు.”

లీలమ్మకు డాక్టరు కనిపించలేదు, గోడ మీది అక్షరాలు కనిపించలేదు. కళ్ల నిండా నీళ్లే. “అమ్మా, మేం చర్చికి…” అనబోయింది.

“ఎర్కే. ఇస్సాకు బిడ్డవు. మొన్న రాత్రి వీడు పండుకున్నంక మీ బాపు మా ఇంటికొచ్చి గంటసేపు కూసొని మాట్లాడిండు. మీకు చెప్పలేదు, గంతే. చర్చికి పో, ఎవరొద్దన్నరు? గని పొద్దుగాల లేవంగనే మొదలు వాని కన్ను చూసి పో.”

“నన్నెవరూ అడుగుత లేరు,” అన్నాడు రామ్‌చందర్.

“నువ్వు ఊకో,” అన్నారు ఇద్దరు ఆడవాళ్లూ ఒక్కసారే.

డాక్టరు నవ్వి, కార్డు మీద రాసి, నెల తర్వాత తారీకు వేశాడు. గది బయటికి వచ్చాక వరండా చివర మెట్లున్నాయి. నాగమణమ్మ కాలితో తడుముకుంటోంది. లీలమ్మ గబగబా ముందుకెళ్లి చెయ్యి అందించింది.

“మెట్లున్నయ్ అత్తమ్మా. నా చెయ్యి పట్టుకో.”